ఐరిష్ రాకపోతే లాయరు కాలేరా? ఐర్లండ్‌లోని తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు, వదినలకు నమస్కారం.

ఇక్కడి స్కూలు చదువు ఆఖరి పరీక్ష లీవింగ్ సర్ట్ దగ్గరపడుతున్న పిల్లలున్న ఇళ్ల నుంచి నాకు రెండు రకాల ఫోన్లు వస్తుంటాయి. "మా అమ్మాయి లా చదువుతానంటోంది. ఐరిష్ రానివాళ్లను ఇక్కడ లాయర్లు కానివ్వరట కదా, ఇప్పుడే వేరే దారి చూసుకోమని చెప్పెయ్యనా?" అన్నది ఒకటి. "ఐరిష్ నుంచి మినహాయింపు ఎలా తెచ్చుకోవాలో కాస్త చెప్పమ్మా. ఆ దండగ సబ్జెక్టు వదిలితే మ్యాథ్స్‌కి టైం దొరుకుతుంది" అన్నది రెండోది. ఒక్కోసారి రెండూ ఒకే ఇంటి నుంచి, ఒకే ఫోన్లో వస్తాయి. హైదరాబాద్‌లో లా చదివి, ఇక్కడ డబ్లిన్‌లో ఒక సొలిసిటర్ల (క్లయింట్ల పనులు నేరుగా చూసే లాయర్ల) ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి నన్నడగడంలో తప్పు లేదు. ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పేకన్నా అందరికీ కలిపి ఒకసారి రాయడం మేలనిపించింది.

మొదటిదానికి జవాబు చిన్నదే. ఐరిష్ పరీక్ష పాసైతేనే లాయరు అన్న నిబంధన 2008లో పోయింది. పుకారు మాత్రం ఇంకా బతికే ఉంది, ఎందుకంటే దానికో అసలు కథ ఉంది. స్వతంత్ర ఐర్లండ్ 1929లో ఒక చట్టం చేసింది. లాయరు కావాలంటే ఐరిష్‌లో తగినంత పరిజ్ఞానం ఉండాలి అంది. తగినంత అంటే ఎంతో కూడా అందులోనే రాసింది: క్లయింటు ఐరిష్‌లో చెప్పుకునేది విని కేసు తీసుకోగలగాలి, సలహా ఇవ్వగలగాలి, సాక్షిని ప్రశ్నించగలగాలి, విచారణ ఐరిష్‌లో సాగుతుంటే అనుసరించగలగాలి. కోర్టులో వాదించే లాయర్లు, అంటే బారిస్టర్ల విషయంలో ఆ పరిజ్ఞానం ఉందని చీఫ్ జస్టిస్‌కు నమ్మకం కుదరాలి. సొలిసిటర్లకైతే 1954 చట్టం ఐరిష్‌లో రెండు పరీక్షలు పెట్టింది. 2008 చట్టం వీటిని తీసేసి, బారిస్టర్లను తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లోనూ, సొలిసిటర్లను తయారుచేసే లా సొసైటీలోనూ ఐరిష్ న్యాయ పదజాలం మీద ఒక కోర్సు మాత్రం ఉంచింది. కోర్సుకు అందరూ వెళ్లాలి, ఫెయిలైతే ఇంటికి పంపే పరీక్ష దాని చివర లేదు. ఇంకా పైస్థాయిలో నేర్చుకోవాలనుకునేవారికి వేరే కోర్సు ఉంది, అది ఇష్టమైతేనే. అందులో నెగ్గినవారి పేర్లు ఒక రిజిస్టర్‌లో ఉంటాయి, ఐరిష్‌లో కేసు నడిపే లాయరు కావాలనుకున్నవారు ఆ రిజిస్టర్ చూసుకోవచ్చు.

సొలిసిటర్ కావాలంటే లా సొసైటీ పెట్టే ఎఫ్‌ఈ-1 అనే ప్రవేశ పరీక్షలు ఎనిమిది పేపర్లు గట్టెక్కాలి. రాజ్యాంగం, కాంట్రాక్టులు, క్రిమినల్ లా, కంపెనీ లా, ఆస్తి చట్టం, టార్ట్, ఈక్విటీ, యూరోపియన్ యూనియన్ చట్టం. పిల్లల్ని భయపెట్టాలనిపిస్తే వాటితో భయపెట్టండి. వాటిలో ఐరిష్ పేపర్ లేదు.

పుకారు బతకడానికి ఇంకో కారణం, రెండు మూడు సంగతులు కలగాపులగం కావడం. ప్రైమరీ స్కూల్ టీచరు కావాలంటే ఇప్పటికీ ఐరిష్ రావాల్సిందే, ఇండియాలో టీచరుగా చేసి వచ్చిన అక్కలకు ఆ బాధ బాగా తెలుసు. గార్డా పోలీసుల్లో చేరడానికి ఐరిష్ తప్పనిసరి అన్నది 2005లో సడలించారు. ఇక యూసీడీ (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్), కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీలు ఉన్న నేషనల్ యూనివర్సిటీ ప్రవేశానికి లీవింగ్ సర్ట్‌లో ఐరిష్ పాసవ్వాలన్న నియమం ఉంది. కానీ ఈ దేశం బయట పుట్టినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే దాన్నుంచి మినహాయిస్తారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఆ నియమమే లేదు. "లా సీటుకు ఐరిష్ కావాలి" అని ఎవరో అన్నది నోళ్లు మారి "లాయరుకు ఐరిష్ కావాలి" అయిపోయినట్టుంది.

భయం సంగతి ఇంతే. నేను ఈ ఉత్తరం రాస్తున్నది నిజానికి రెండో ఫోన్ కోసం.

1929లో ఆ చట్టం ఎందుకు చేశారో తెలియకుండా ఐరిష్‌ను దండగ అనడం తేలిక. 1882 ఆగస్టులో మామ్‌ట్రాస్నా అనే కొండ ప్రాంతంలో ఒకే కుటుంబంలో ఐదుగురిని చంపేశారు. పట్టుబడ్డవారిలో మౌల్రా షోయ్‌గె ఒకడు. అతనికి వచ్చింది ఐరిష్ ఒక్కటే. విచారణ డబ్లిన్‌లో, ఇంగ్లీషులో. తన ప్రాణం గురించి వాళ్లేం మాట్లాడుకుంటున్నారో బోనులో నిలబడ్డ మనిషికి అర్థం కాలేదు. అదే కేసులో ఉరిశిక్ష పడ్డ మిగతా ఇద్దరూ అతను నిర్దోషి అని చెప్పారు. అయినా డిసెంబరు 15న ముగ్గుర్నీ గాల్వేలో ఉరి తీశారు. ఆ అన్యాయాన్ని ఒప్పుకుంటూ అప్పటి అధ్యక్షుడు మైఖేల్ డి. హిగిన్స్ క్షమాభిక్ష పత్రం మీద సంతకం పెట్టింది 2018 ఏప్రిల్‌లో, అంటే మనలో చాలామంది అప్పటికే ఇక్కడికి వచ్చేశాం.

అప్పటి కోర్టుల వెనక 1737 నాటి చట్టం ఒకటుంది. న్యాయస్థానాల వ్యవహారమంతా ఇంగ్లీషులోనే సాగాలని అది శాసించింది. ఉత్తర ఐర్లండ్‌లో దాన్ని ఎత్తేయడానికి 2022లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎంత కాలం పుస్తకాల్లో కూర్చుందో చూడండి. 1916 తిరుగుబాటు నాయకుడిగా మీ పిల్లలు స్కూల్లో చదువుకునే ప్యాట్రిక్ పియర్స్ బారిస్టర్ కూడా. ఆయన కోర్టులో వాదించింది ఒక్క కేసే అంటారు, 1905లో. డొనెగల్ మనిషి ఒకతను తన బండి మీద పేరు ఐరిష్‌లో రాసుకున్నాడు. బండి మీద పేరు చదవగలిగే అక్షరాల్లో ఉండాలి, ఇది లేదు అని జరిమానా వేశారు. పియర్స్ అతని తరఫున వాదించాడు, ఓడిపోయాడు. సొంత ఊళ్లో సొంత బండి మీద సొంత పేరు.

ఆ తరం చేతికి ప్రభుత్వం వచ్చింది కాబట్టి, ఇకమీదట ఈ దేశంలో ఏ లాయరూ క్లయింటు మాట అర్థం కాకుండా ఉండకూడదు అనుకున్నారు. ఆ ఉద్దేశానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. చేసిన పద్ధతి మాత్రం నాకు నచ్చదు. గుమ్మం దగ్గర పరీక్ష పెట్టి, లోపలికి వెళ్లాక మళ్లీ పట్టించుకోకపోతే అది తంతు అయిపోతుంది. ఐరిష్ మాట్లాడే కన్నమరా ప్రాంతం నుంచి వచ్చిన ముసలాయన గోడు వినగలిగేటంత ఐరిష్ ఒక్క పరీక్షతో రాదు, వచ్చినా వాడకపోతే నిలవదు. అందుకే 2008 మార్పు నిజాయతీగా చేసిందే అనుకుంటాను. నేర్చుకున్నట్టు అందరిచేతా నటింపజేయడం కన్నా, నిజంగా వచ్చినవాళ్ల పేర్లు ఒకచోట రాసిపెట్టడం నయం. ఐరిష్ ప్రేమికులు చాలామంది ఈ మాట ఒప్పుకోరని తెలుసు.

ఇందులో అన్నిటికన్నా వింత సంగతి ఇంకోటి. లాయర్లందరికీ ఐరిష్ రావాలన్న ప్రభుత్వమే, చట్టాలను ఐరిష్‌లోకి తేవడం ఏళ్ల తరబడి మానేసింది. తాగి బండి నడిపాడన్న కేసులో ఒకతను నా వాదన ఐరిష్‌లో వినిపించుకుంటాను, నా మీద మోపిన రోడ్డు ట్రాఫిక్ చట్టాల ఐరిష్ ప్రతులు ఇవ్వండి అన్నాడు. 1994, 1995 చట్టాలవి. లేవు! ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టాలకు ఐరిష్ అనువాదం ఇవ్వడం ప్రభుత్వానికి రాజ్యాంగం పెట్టిన బాధ్యత అని 2001లో కోర్టు తేల్చింది. లాయరుకు ఐరిష్ పరీక్ష పెట్టిన రోజుల్లోనే ఇది జరిగింది. పరీక్ష రాసి వచ్చిన లాయరుకు ఐరిష్‌లో చదువుకోవడానికి చట్టమే లేదు.

ఇక రాజ్యాంగం. 1937 రాజ్యాంగం 8వ అధికరణ ప్రకారం ఐరిష్ మొదటి అధికార భాష, ఇంగ్లీషు రెండోది. ఇది గౌరవం కోసం రాసిన మాట మాత్రమే అనుకునేరు. 25వ అధికరణలో ఇంకో ముక్క ఉంది: రాజ్యాంగం ఐరిష్ పాఠానికీ ఇంగ్లీషు పాఠానికీ తేడా వస్తే ఐరిష్ చెప్పిందే చెల్లుతుంది. తేడాలు వస్తాయా అంటే, వస్తాయి. అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ఎన్నేళ్లుండాలి? ఇంగ్లీషు పాఠం ప్రకారం ముప్పై ఐదో ఏట అడుగుపెట్టినా చాలన్నట్టు ఉంటుంది, అంటే ముప్పై నాలుగు నిండితే సరిపోతుంది. ఐరిష్ పాఠం ముప్పై ఐదేళ్లు నిండాలి అంటుంది. ఇంగ్లీషు మాత్రమే చదివిన లాయరు ఇక్కడ తప్పు సలహా ఇస్తాడు.

2015లో స్వలింగ వివాహాల మీద రెఫరెండం జరిగినప్పుడు ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. ఆ సవరణ ముసాయిదా ఇంగ్లీషులో బాగానే ఉంది. ఐరిష్ పాఠాన్ని మాత్రం కొందరు జాగ్రత్తగా చదివి, దీని ప్రకారం స్త్రీ పురుషుల పెళ్లే చెల్లకుండా పోయే అర్థం వస్తోంది కదా అని పత్రికల్లో రాశారు. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, ప్రభుత్వం మాత్రం ఓటింగుకు ముందే ఐరిష్ వాక్యాన్ని మార్చింది. ఒక దేశం తన రాజ్యాంగాన్ని మార్చుకుంటుంటే, ఆ వాక్యాన్ని చదివి "ఆగండి" అనగలిగినవాళ్లు ఎంత కొద్దిమంది ఉన్నారో ఆ రోజుల్లో తెలిసింది.

అలాంటి కొద్దిమందిలో మన పిల్లలు ఎందుకు ఉండకూడదు అన్నదే నా ప్రశ్న.

ఎవరు మాట్లాడతారమ్మా ఆ భాష అంటారు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చన్నవాళ్లు దాదాపు 18 లక్షల 70 వేలు. బడి గంటలు పక్కనపెడితే రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మంది. తక్కువే, కాదనను. కానీ కోర్టుకు వచ్చే మనిషి ఒక్కడైనా వాడి హక్కు హక్కే. 2003 అధికార భాషల చట్టం ప్రకారం ఏ కోర్టులోనైనా ఐరిష్‌లో మాట్లాడవచ్చు. ఆచరణలో ఆ హక్కు ఎంత దూరం నడుస్తుందంటే, 2014లో గేల్టాఖ్త్, అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతపు మనిషి ఒకరు దుబాసీ అవసరం లేకుండా ఐరిష్ అర్థమయ్యే జ్యూరీ కావాలని అడిగితే సుప్రీంకోర్టు నలుగురికి ఒక్కరు తేడాతో కాదంది. ఒక్క జస్టిస్ హార్డిమన్ మాత్రం విభేదించారు. జ్యూరీకి ఐరిష్ రాకపోయినా, కనీసం లాయరైనా తన మాట నేరుగా వినేవాడు ఉండాలి కదా. ఇప్పుడు ఆ లాయర్లు ఇష్టపడి నేర్చుకున్నవాళ్లలోంచే రావాలి, ఎందుకంటే నిర్బంధం పోయింది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. భారత రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం మన హైకోర్టుల భాష ఇంగ్లీషు. భూమి కేసు కోసం ఊరి నుంచి వచ్చి, తన పొలం గురించి రెండు పక్షాల వకీళ్లూ వాదించుకుంటుంటే ముఖాలు చూస్తూ వెనక బెంచీలో కూర్చున్న రైతుల్ని నేను చదువుకునే రోజుల్లో చాలామందిని చూశాను. బయటికొచ్చాక "ఏమైంది సారూ?" అని అడిగితే వకీలు చెప్పిన రెండు ముక్కలే వాళ్లకు తీర్పు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో తెలుగులో తీర్పు ఇస్తే అది వార్త అయింది. తెలుగు రాష్ట్రంలో తెలుగులో తీర్పు వార్త కావడం చూసిన మనం, ఇక్కడివాళ్ల భాషను దండగ అనగలమా? ప్రతి ఉగాదికీ స్టేజీ ఎక్కి పిల్లలకు తెలుగు రావడం లేదని వాపోతాం. కిందికి దిగి ఐరిష్ మినహాయింపు ఫారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతాం. పిల్లలు రెండూ వింటారు. రెండోదే గుర్తుపెట్టుకుంటారు.

సరే, మినహాయింపు సంగతి కూడా సూటిగా చెప్తాను. ఇంట్లో ఇంగ్లీషూ ఐరిషూ కాని భాష మాట్లాడతాం కాబట్టి ఇస్తారు అనుకోకండి, ఇవ్వరు. ఇక్కడే పుట్టి ఇక్కడే బడికి వెళ్లే పిల్లలకు మీ పుట్టుక కారణంగా అది రాదు. 2019 నుంచి అమల్లో ఉన్న సర్క్యులర్ల ప్రకారం ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, కనీసం మూడేళ్లు వరుసగా వేరే దేశంలో ఐరిష్ నేర్చుకునే వీలు లేకుండా చదివి, పన్నెండేళ్లు వచ్చాక లేదా ప్రైమరీ చదువంతా అక్కడే ముగించి ఇక్కడి బడిలో చేరిన పిల్లలు. రెండోది, చదవడంలో తీవ్రమైన, ఎంత సాయం చేసినా తగ్గని ఇబ్బంది ఉన్న పిల్లలు. నిర్ణయం ప్రిన్సిపాల్‌ది. లేని ఇబ్బందిని రిపోర్టుల్లో చూపించడానికి డబ్బు కట్టి తిరుగుతున్నవాళ్లున్నారని విన్నాను, అది మాత్రం చేయకండి. నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లల వంతు అది.

పద్నాలుగేళ్లకు కూకట్‌పల్లి నుంచి వచ్చి, మూడు నాలుగేళ్లలో లీవింగ్ సర్ట్ రాయాల్సిన పిల్లను ఐరిష్‌లో కూర్చోబెట్టమని నేననను. ఆమె కోసమే మినహాయింపు ఉంది, వాడుకోండి. కానీ పన్నెండేళ్లకు వచ్చిన పిల్లాడికి అర్హత ఉందని తెలిసిన రోజే ఫారం నింపేయడం తొందరపాటు. మినహాయింపు వచ్చిందంటే ఐరిష్ చదవకూడదని కాదు. ఒక ఏడాది క్లాసులో కూర్చోనిచ్చి చూడవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంగ్లీషు, హైదరాబాద్‌లో ఉండగా స్కూల్లో హిందీ నేర్చుకున్నవాడికి నాలుగో భాష మీరనుకున్నంత బరువు కాదు. లీవింగ్ సర్ట్ ఐరిష్‌లో 40 శాతం మార్కులు మౌఖిక పరీక్షకే. మాట్లాడే పిల్లలకు అది వరం. వాళ్ల ఐరిష్ ఉచ్చారణలో తెలుగు యాస వినిపిస్తే టీచరు ఏమీ అనరు, నేను అడిగి చెప్తున్నాను.

ఉద్యోగాల మాట లేకుండా మన వాళ్లు ఏ సంగతీ వినరు కాబట్టి అదీ చెప్తాను. 2021లో అధికార భాషల చట్టాన్ని సవరించి, 2030 చివరికల్లా ప్రభుత్వ కొత్త నియామకాల్లో ఐదో వంతు మంది ఐరిష్ వచ్చినవాళ్లుండాలని లక్ష్యం పెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో ఐరిష్‌కు 2007లో అధికార భాష హోదా వచ్చినా, అనువాదకులు చాలక పూర్తి అమలు 2022 జనవరి 1న గానీ మొదలు కాలేదు. లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానానికి చట్టమూ ఐరిషూ రెండూ తెలిసినవాళ్లు కావాలి. కార్క్ యూనివర్సిటీలో లా, ఐరిష్ కలిపి డిగ్రీ ఉంది. కింగ్స్ ఇన్స్‌లో న్యాయ అనువాదం మీద పై కోర్సు ఉంది. అయితే డబ్బు కోసమే ఐరిష్ నేర్పించమని నేను చెప్పను. దానికి దగ్గరి దారులు వేరే ఉన్నాయి, మీ అందరికీ అవి కంఠస్థం.

ఇప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. లా చదువుతానన్న పిల్లలను చదవనివ్వండి. వాట్సాప్‌లో ఆ పాత ఫార్వర్డ్ మళ్లీ వస్తే 2008 చట్టం పేరు చెప్పి ఆపండి. ఫారం మీద సంతకం పెట్టే ముందు ఐరిష్ టీచరుతో పది నిమిషాలు మాట్లాడండి, పేరెంట్ టీచర్ మీటింగులో మనం మ్యాథ్స్, సైన్స్ టీచర్ల దగ్గర క్యూ కట్టి ఐరిష్ టీచరు కుర్చీ దాటి వెళ్లిపోతుంటాం. వేసవిలో గేల్టాఖ్త్ ఊళ్లలో పిల్లలను ఇళ్లలో ఉంచుకుని భాష నేర్పే మూడు వారాల కోర్సులుంటాయి. సీట్లు ముందే నిండిపోతాయి, క్రిస్మస్ సెలవుల్లోనే కనుక్కోండి. శాకాహారం సంగతి ఫారంలోనే రాయండి. ట్రాన్సిషన్ ఇయర్‌లో (లీవింగ్ సర్ట్ చదువుకు ముందు వచ్చే ఏడాదిలో) ఉన్న పిల్లలెవరికైనా లాయర్ల పని దగ్గరగా చూడాలని ఉంటే నాకు రాయమనండి, కోర్టుకు నేను తీసుకెళ్తాను.

ఇట్లు,
డబ్లిన్‌లో ఉంటున్న మీ చెల్లెలు